నీలం పెట్టె తూటాలు

మొన్న ఆదివారం మా మనవరాలు డైనింగు టేబులు మీద ఐదు చిన్న అట్టపెట్టెలు వరసగా పేర్చింది. ఒక్కోదాంట్లో యాభై తూటాలు. ఆ పిల్ల హైదరాబాదులో చిన్న రైఫిలుతో పోటీల్లో కొడుతుంది. ఆడపిల్లకు తుపాకీ ఏమిటా అని నా అభిప్రాయం ఎవరూ అడగలేదు గనుక నేనూ చెప్పలేదు. ఐదు పెట్టెలెందుకే అంటే, ఏ తుపాకీకి ఏ తూటా సరిపడుతుందో కొట్టి చూస్తే తప్ప తెలియదట, ఖరీదైనదే బాగా కొడుతుందన్న నమ్మకం లేదట. ఆ మాట నాకు కొత్త కాదు, అరవై ఏళ్ళ కిందట మా మామగారి నోట విన్నదే. నాకూ తెలుసులే అన్నట్టు ఒక తూటాను చేతిలోకి తీసుకున్నాను. వేళ్ళకు జిడ్డు తగిలింది. జిడ్డు తగిలితే ఊరుకునే చెయ్యి కాదు నాది, కొంగుతో తుడవబోయాను. పిల్ల గబుక్కున నా మణికట్టు పట్టుకుంది.

"జేజీ, అది తుడవొద్దు. కావాలనే పూస్తారు. ఆ జిడ్డు పోతే గుండు గురి తప్పుతుంది."

తూటాను పెట్టెలో పెట్టేశాను. ఆ మధ్యాహ్నం నాకు అన్నం సయించలేదు. కూర బాగాలేదనుకుని కోడలు మొహం చిన్నబుచ్చుకుంది. కూర బాగానే ఉంది. కారణం చెప్పాలంటే మా మామ దగ్గర మొదలుపెట్టాలి.

మా అత్తగారి ఊరు బేస్తవారిపేట దగ్గర. అప్పుడు మాది మద్రాసు ప్రెసిడెన్సీలో కర్నూలు జిల్లా. నేను పదహారేళ్ళకు ఆ ఇంటికి కోడలిగా వెళ్ళాను. మా మామ మంచి మనిషే, ఎవరికీ అన్యాయం తలపెట్టినవారు కాదు, కానీ అనుమానం లేకుండా ఆయనకు పొద్దు గడిచేది కాదు. ఉత్తరం వస్తే చదవకముందే అంటించిన అంచును ఎండకు పట్టి, ఎవరైనా విప్పి మళ్ళీ అంటించారేమో చూసేవారు. బీరువా తలుపుకు సన్నటి దారప్పోగు చుట్టి, సాయంత్రం అది తెగిందా లేదా అని పరీక్ష చేసేవారు. అత్త ప్రేమగా ఇంకో చెంచా నెయ్యి వేస్తే, "ఈ పొద్దు నెయ్యి ఎక్కువేసినావు, ఏంది సంగతి?" అనేవారు. సంగతేమీ ఉండేది కాదు పాపం. ఆ ఇంట్లో ఆరు నెలలు కాపురం చేసేసరికి నాకూ ఆ చూపు అంటుకుంది. పాలమనిషి నవ్వితే ఎందుకు నవ్విందా అని ఆలోచించేదాన్ని.

ఆయనకు ఒక చిన్న రైఫిలు ఉండేది. పెద్ద జంతువులకు పనికొచ్చేది కాదు. తూటా అడుగున నడిమధ్య కాకుండా అంచు మీద దెబ్బ తగిలితే పేలే రకం, చిటికెన వేలిలో సగం కూడా ఉండదు. మా మామ దానితో కుందేళ్ళనూ కౌజులనూ కొట్టిందీ తక్కువే. ఆయన సరదా అంతా గురి మీద. యుద్ధం రోజుల్లో తూటాలు దొరక్క ఆ తుపాకీ మూలన పడి ఉండేదట. నేను కాపురానికి వెళ్ళిన ఏడాదే మద్రాసు నుంచి మళ్ళీ రావడం మొదలైంది. పార్సిలు రైల్లో గిద్దలూరుకు వచ్చేది. ఎర్ర పెట్టె, పచ్చ పెట్టె, పసుపు పెట్టె, నీలం పెట్టె, నాలుగు రకాలు తెప్పించారు. దుకాణంవాడు ఎర్ర పెట్టె అన్నిటికంటే మేలని రాశాడు. వాడు మేలన్నాడు గనుక మామకు దాని మీదే మొదటి అనుమానం.

ఇంటి వెనక కళ్ళంలో కొర్రల మూట వేసి, దాని మీద తుపాకీ ఆనించి, బోర్లా పడుకుని కొట్టేవారు. యాభై గజాల అవతల మట్టిగోడకు కాగితం, కాగితం మీద మసితో బొట్టు. గాలి ఆగినప్పుడే కొట్టాలి. ఐదు కొట్టాక కాగితం తెప్పించి, బొక్కలు ఎక్కడెక్కడ పడ్డాయో ఒక బడిపలక మీద చుక్కలుగా దించేవారు. మార్కాపురం పలకలు మా వైపు చవక కదా, ఒక్కో రంగు పెట్టెకు ఒక్కో పలక పెట్టి, వాటిని వసారాలో మేకులకు వేలాడదీశారు. మర్నాడు మళ్ళీ కొట్టేవారు. ఉదయం కొట్టినవీ సాయంత్రం కొట్టినవీ వేరువేరుగా దించేవారు. మా ఆయనకు నన్ను చూసి సరేననడానికి ఒక్క పూట పట్టింది. ఆ తుపాకీకి తగిన తూటా కుదరడానికి మూడు నెలలు పట్టింది. చివరకు నీలం పెట్టె గెలిచింది. దాని పలక మీద ఐదు చుక్కలూ ఒకదాని మీద ఒకటి ఎక్కి, శనగగింజ మూసేంత చోటులో పడ్డాయి. మామ ఆ పలకను చూసుకున్నంత మురిపెంగా కొడుకును చూసుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

ఈ పని జరిగినన్నాళ్ళూ ఆయన పక్కన ఒక మనిషి ఉండేవాడు. ఊరి చివర పల్లెలోని కిరస్తానీవాళ్ళలో పెద్ద. పాస్టరు రాని ఆదివారాల్లో ప్రార్థన ఆయనే నడిపేవాడు. మామ తూటాల సంచీ మోసేది ఆయనే గనుక ఊరంతా సంచి అనే పిలిచేది. నేను 'సంచి అన్నా' అని పిలిచేదాన్ని. కాగితం గోడ నుంచి తెచ్చేదీ, మామ కంటికి ఆనని చుక్కలను వేలితో చూపించేదీ ఆయనే. మామ ఆ ఇంట్లో అనుమానించనిది ఆయనొక్కణ్ణే. అడవికి వెళ్ళినప్పుడు నాకోసం మోదుగాకు పొట్లంలో పాలపండ్లు తెచ్చి, చేతికివ్వకుండా అరుగు చివర పెట్టి వెళ్ళేవాడు. అప్పటి పద్ధతి అది. అందులో తప్పుందని నాకు అప్పుడు తోచలేదు.

ఇంతలో దసరా వచ్చింది. మామ తుపాకీ లైసెన్సు మళ్ళీ కొత్తగా రాయించుకోవడానికి కర్నూలు వెళ్ళారు. ఆయుధపూజకు ఇంట్లో ఉన్న ఇనుమూ ఇత్తడీ అన్నీ తోమాలని అత్త చెప్పింది. కొడవళ్ళు, గొడ్డళ్ళు, తక్కెడలు, బిందెలు, అన్నీ నా ముందు పోగుపడ్డాయి. పూజలో తుపాకీ పక్కన పెట్టడానికని తెరిచిన నీలం పెట్టెను కూడా అత్త తెచ్చి ఇచ్చింది. చూస్తే ఇత్తడి తూటాలు, వాటి సీసం మొనల నిండా జిడ్డు. దేవుడి ముందు పెట్టే వస్తువు జిడ్డుగా ఉండడమేమిటని నాకు ఒళ్ళు మండింది. ఇత్తడి కనబడితే మా చేతులు చింతపండు కోసం వెతుకుతాయి. ఒక్కోదాన్నీ చింతపండుతో తోమాను. మొనల జిడ్డు దానికి లొంగకపోతే గోరువెచ్చని కుంకుడు రసంలో వేసి పిసికాను. చేటలో పోసి ఎండబెట్టి, మళ్ళీ వరసగా పెట్టెలో పేర్చాను. బాగా చేసినావు అమ్మీ అంది అత్త. గిన్నెలు తోమిన సంగతి మొగవాళ్ళకు ఎవరు చెబుతారు? మామ వచ్చాక మేమెవరమూ చెప్పలేదు, ఆయనా అడగలేదు.

పండగైన నాలుగో నాడు గిద్దలూరులో సబ్ కలెక్టరు దొర మకాం. చుట్టుపక్కల లైసెన్సు తుపాకులున్న పెద్దమనుషులందరినీ గురి చూపించడానికి రమ్మన్నారు. మామ రైలుకు వెళ్ళేలోపే సంచి అన్న పెట్టె తీసుకుని నడిచి బయల్దేరాడు. బయల్దేరే ముందు అరుగు కింద కూర్చుని, పెట్టె తెరిచి, ఒక తూటాను బొటనవేలితో అటూ ఇటూ రుద్ది చూస్తున్నాడు. తర్వాత ఇంకొకటి. గడప లోపల నుంచి నేను చూశాను. ఏం చూస్తున్నాడా అనుకున్నాను. ఆ ఇంటి చూపు కదా.

గిద్దలూరులో చింతకొమ్మకు దారంతో కట్టిన పెంకుముక్కను కొట్టమన్నారట. మామ ఐదు కొట్టారు. ఒకటి పేలనే లేదు, మూడు ఎటు పోయాయో తెలియదు, ఐదోది కొమ్మకు తగిలింది. దొర నవ్వి భుజం తట్టాడట. ఆ తట్టడమే మామను చంపింది. ఇంటికొచ్చిన మూడో నాడు కళ్ళంలో మూట వేయించి, సీలు తియ్యని నీలం పెట్టె ఒకటి తెరిచి ఐదు కొట్టారు. ఐదూ ఒకచోటే. పాత పెట్టెలోవి ఐదు కొట్టారు. గోడంతా చెల్లాచెదురు. తుపాకీ మంచిదే, కన్ను మంచిదే. కంసాలి దగ్గర చిన్న త్రాసు తెప్పించి, ఒక పళ్ళెంలో కొత్త పెట్టెవి పది, ఇంకో పళ్ళెంలో పాత పెట్టెవి పది వేశారు. కొత్తవాటి వైపు త్రాసు కాస్త మొగ్గింది. ఇంకా ఏవేవో గుర్తులు పట్టారట గానీ మాకు చెప్పలేదు. అనుమానించే మనిషి ఆధారాలన్నీ ఒకేసారి బయటపెట్టడు.

"ఇవి నా తూటాలు కావు," అన్నారు వసారాలో నిలబడి. "బరువులో తేడా ఉండాది. ఎవరో మంచివి తీసుకోని, పనికిరానివి పెట్టినారు. పామూరు సంతలో దొంగతనంగా తూటాలు అమ్ముతాండారని విన్నా. పెట్టెను ఎవరన్నా ముట్టుకోంగా చూసినారా?"

తోమిన చెయ్యి నాదే. కానీ తోమితే బరువు తగ్గుతుందని ఎవరికి తోస్తుంది? నాకు అరుగు కింది దృశ్యం గుర్తొచ్చింది. చూసింది చూసినట్టు చెప్పాను. మామ నా వైపు తిరిగి, "నీ కన్ను మంచిది అమ్మీ," అన్నారు. పెళ్ళయ్యాక ఆయన నన్ను మెచ్చుకున్నది అదొక్కసారే. గర్వంగా అనిపించిందని ఒప్పుకోవాలి.

మర్నాడు పొద్దున సంచి అన్నను పిలిపించారు. ఊళ్ళో పెద్దలు నలుగురు వచ్చి కూర్చున్నారు. మామ తమలపాకు మీద కర్పూరం వెలిగించి, తియ్యలేదని చెప్పి ఆర్పమన్నారు. మా వైపు అదే ప్రమాణం. ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అది మాకు కుదరదయ్యా," అన్నాడు.

"పోనీలే, మీ దేవుని మీదే ఒట్టు పెట్టు."

"మా దేవుడు ఒట్టే వద్దన్నాడయ్యా. తీసింటే తీసినా అంటా. తియ్యలేదు. అంతే."

"తియ్యనోనికి ఒట్టుకు భయమేంది?" అన్నారు మామ. పెద్దలు తలలూపారు. ఒట్టు పెట్టనన్నవాడు మా లెక్కలో ఒప్పుకున్నవాడే. తన దేవుడి మాట తప్పకూడదనే ఆయన ఆ ఒక్క తేలిక పని చెయ్యలేదని ఆలోచించే తీరిక అక్కడ ఎవరికీ లేకపోయింది. ఆయన గడప వైపు ఒకసారి చూశాడు. నేను తలుపు చాటుకు జరిగాను.

"అమ్మ చూసింది నిజమే. పెట్టె తీసి చూసినా. తూటాలు అప్పటికే..."

"చాల్లే," అన్నారు మామ. కర్పూరం దానంతటదే ఆరిపోయింది.

సంచీ అరుగు చివర పెట్టి, పాలపండ్లు పెట్టినట్టే పెట్టి, వెళ్ళిపోయాడు. మరుసటి ఆదివారం పల్లెలో ప్రార్థన ఇంకెవరో నడిపారు. దొంగ అన్న పేరు పడ్డ మనిషి ముందు నిలబడితే ఎట్లా అని వాళ్ళలో వాళ్ళే అనుకున్నారట. నెల తిరక్కుండా పెళ్ళాం పిల్లలతో మార్కాపురం పలకల గనులకు పోయాడని తెలిసింది. ఆ తర్వాత ఏమైందో మాకు తెలియదు. మామకు మాత్రం మనశ్శాంతి దొరకలేదు. తర్వాత సంచీ మోసిన ముగ్గురినీ ఒక్కొక్కణ్ణే అనుమానించి పంపేసి, చివరకు తుపాకీయే అమ్మేశారు.

ఆ రోజు చెల్లాచెదురైన ఐదు చుక్కలనూ మామ ఒక పలక మీద దించారు. మిగతావాటికి బలపం వాడేవారు, దీనికి మేకుతో గీశారు. కింద "సంచి వాని పని" అని మేకుతోనే రాశారు. ఇల్లు పంచుకున్నప్పుడు ఆ పలక నా సామానులో కలిసి వచ్చింది. ఇన్నేళ్ళూ దాన్ని నేను వేడి గిన్నెల కింద వేసుకుంటున్నాను. ఆ అక్షరాలు చూసినప్పుడల్లా, నమ్మినవాడే మోసం చేశాడు కదా అని నిట్టూర్చేదాన్ని కూడా.

మొన్న సాయంత్రం ఆ పలక తెచ్చి మనవరాలి ముందు పెట్టాను. అంతా చెప్పాను. పిల్ల చుక్కల వైపు చూసి, "జిడ్డు పోయిన తూటాలు ఇట్లాగే పడతాయి జేజీ," అంది. అరుగు కింద ఆయన బొటనవేలు ఏం వెతికిందో నాకు అప్పుడు అర్థమైంది. జిడ్డు లేదని ఆ ఇంట్లో కనిపెట్టినవాడు ఆయనొక్కడే. గిద్దలూరులో దొర ముందు నోరెత్తే వీలు ఆయనకెక్కడిది? ఇంటి దగ్గర చెప్పబోతే చెప్పనివ్వలేదు. చూసిన ముక్క చెప్పి నేనే పట్టించాను. నాకు ఏడుపొచ్చింది. ఈ వయసులో ఏడుపు కూడా సరిగ్గా రాదు, ముక్కు కారుతుంది అంతే. కొంగుతో ఆ పలక మీది రాతను గట్టిగా రుద్దాను. మేకు గీత పోతుందా?

పిల్ల నా చెయ్యి పట్టుకుని, "మార్కాపురంలో వాళ్ళ మనవలు ఎవరైనా ఉంటారు జేజీ. వెళ్ళి నిజం చెప్పి వద్దాం. ఆయన పేరేంటి?" అని అడిగింది.

సంచి అన్న అన్నాను. అది కాదు, పేరు, అంది పిల్ల. పల్లెలో, ప్రార్థనలో, వాళ్ళ ఇంట్లో ఆయనను ఏదో ఒక పేరుతో పిలిచే ఉంటారు. ఏడాది పొడుగునా ఆయన తెచ్చిన పండ్లు తిన్నదాన్ని, ఒక్కసారీ అడగలేదు. అరవై ఏళ్ళు తిరిగాక కాలం నిజాన్ని నా చేతిలో పెట్టింది గానీ, దాన్ని ఎవరికి చేర్చాలో ఆ పేరు మాత్రం అడగవలసిన రోజునే అడగాల్సింది.