పిడికెడు బియ్యం

ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాది, చలికాలం మొదట్లో, లడాఖ్‌లో మా పోస్టుకు చేరాను. ట్రక్కు దింపిన చోటు నుంచి ఒక పగలంతా ఎక్కాలి. పైన రాళ్ళు పేర్చి ఇనుప రేకులు కప్పిన బంకరు. ఒక కిరోసిన్ స్టవ్వు. తొమ్మిది మందిమి. చెట్టు లేదు, పిట్ట లేదు. నీళ్ళు కావాలంటే మంచు కరిగించుకోవాలి. పాకాల జంక్షన్‌లో రైలెక్కేటప్పుడు మా అమ్మ నా నెత్తిన చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. ఆ దేవుణ్ణి నేను రైలు మారిన కాట్పాడిలోనే దింపేశాను. జీతానికి చేరినవాణ్ని, నాకు భక్తితో ఏం పని అనుకున్నాను.

పోస్టులో మా జిల్లావాడు ఇంకొకడు ఉన్నాడు. వైర్‌లెస్ ఆపరేటర్, పూతలపట్టు మనిషి, మాలాగే క్రైస్తవుడు. అతని దగ్గర ఒక ఖాళీ పాలపొడి డబ్బా ఉండేది. వంట వంతు ఎవరిదైనా సరే, బియ్యం కడగకముందే తన వాటా నుంచి పిడికెడు తీసి అందులో పోసేవాడు. మా వైపు క్రైస్తవుల ఇళ్ళల్లో ఆడవాళ్ళు చేసే పనే అది. ఎసరు పెట్టగానే దేవుడికని పిడికెడు పక్కన పెడతారు, ఆదివారం గుడికి తీసుకెళ్తారు. పోస్టులో గుడి లేదు గనుక అతను ఆ బియ్యం సరుకు మోసుకొచ్చే కూలీలకు వండి పెట్టేవాడు.

"ఇంత ఎత్తుకు దేవుడు యాడొస్తాడప్పా, ఊపిరాడక సస్తాడు" అన్నాను ఒకసారి.

"నువ్వొచ్చినావు గదబ్బా. ఆయన రాలేడా?" అన్నాడు.

నాకూ నవ్వొచ్చింది.

జనవరిలో మంచు తుఫాను పట్టుకుంది. రెండో రోజు పొద్దున మా పోస్టు పెద్ద హవల్దారుకు రొమ్ములో నీరు చేరింది. ఊపిరి తీస్తే బుడగల చప్పుడు. హెలికాప్టర్ కావాలని కిందికి చెప్పాలి. వైర్‌లెస్ పలకలేదు. బయట ఏరియల్ తీగ తెగిపోయింది. నేను అప్పుడే కాపలా దిగి స్టవ్వు దగ్గర చేతులు కాచుకుంటున్నాను. ఆపరేటర్ లేచాడు.

"నువ్వు సెట్టు కాడ కూసో. మాట ఇనబడితే కేకెయ్" అని వెళ్ళాడు.

లావు చేతి తొడుగులతో సన్న తీగ ముడిపడదు. అతను తొడుగులు తీసేశాడు. చాలాసేపటికి సెట్టులో గరగర వినిపించింది.

"కంట్రోల్ పిలుస్తోంది. చెప్పండి, ఓవర్."

చెప్పాను. అతను లోపలికి వచ్చేసరికి వేళ్ళు మైనంలా తెల్లగా ఉన్నాయి. తుఫాను విడిచి హెలికాప్టర్ వచ్చేసరికి నల్లబడ్డాయి. ఇద్దరినీ తీసుకెళ్ళారు. హవల్దారు బతికాడు. ఆపరేటర్ వేళ్ళు ఆసుపత్రిలో తీసేశారు.

ఎండాకాలంలో నాకు సెలవు దొరికింది. ఇంటికి చేరిన ఆదివారమే మా అమ్మ గుడిలో కృతజ్ఞత కూటం పెట్టించింది. పొట్టేలును కోయించింది. మా పాస్టరు అయ్యగారు నా భుజం మీద చెయ్యి వేసి అందరికీ చూపించారు.

"నమ్మకంగా సేవించినోళ్ళని దేవుడు సిగ్గుపడనియ్యడు. అంత మంచులో ఈ బిడ్డకి ఒక గోరన్నా పోలేదు, సూడండి" అన్నారు.

ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. ఆ చలికాలమంతా నేను ఒక్క ప్రార్థన చేసిన పాపాన పోలేదు. చేసినవాడి వేళ్ళు పోయాయి. చెయ్యనివాడి వేళ్ళు గుడిలో సాక్ష్యానికి నిలబడ్డాయి. లేచి రెండు మాటలు చెప్పమన్నారు. "వందనాలు" అని కూర్చున్నాను. పొట్టేలు కూర విస్తట్లోనే వదిలేశాను. అంత సిగ్గు నాకు ముందెప్పుడూ తెలియదు.

మర్నాడు బస్సెక్కి పూతలపట్టు వెళ్ళాను. అతను అప్పటికే పెన్షన్ మీద ఇంటికి వచ్చేశాడు. కుడి చేతికి బొటనవేలు ఒక్కటే మిగిలింది. ఎడమ చేతికి మొండి కణుపులు. గుడిలో జరిగిందంతా చెప్పేశాను. తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"ఇంత సేవ చేసి నీకేం మిగిలిందప్పా? ఆయన మింద కోపం రాలేదా?" అన్నాను.

"రాకేం? ఇంగా ఉండాది. కోపమొచ్చిందని ఇంట్లో పెద్దోళ్ళకి అన్నం పెట్టకుండా ఉంటామా?"

అతని భార్య చేటలో బియ్యం ఏరి, కడగడానికి లేవబోయింది.

"ఉండుమే" అని అతను ముందుకు జరిగి బియ్యంలో చెయ్యి పెట్టాడు. మూసుకోవడానికి వేళ్ళు లేవు. బియ్యం జారిపోయింది. రెండు అరచేతుల మధ్య అదిమి పట్టుకున్నాడు. డబ్బా దాకా తెచ్చేసరికి సగం రాలింది. అతని సామానుతో పాటు పోస్టు నుంచి మేము పంపిన పాలపొడి డబ్బాయే అది.

"నేనేస్తాలే" అని చెయ్యి చాపాను.

"నీది మీ ఇంట్లో ఏసుకో అబ్బా. ఇది నాది" అన్నాడు మెల్లగా.

మళ్ళీ ముంచాడు. మళ్ళీ రాలింది. పిడికెడు అయ్యేదాకా ఆపలేదు. అతని భార్య చేట పట్టుకుని అలాగే నిలబడింది. ఆమెకు అది అలవాటే.

ఇప్పటికీ అన్నంలో చెయ్యి పెట్టినప్పుడల్లా ఆ అరచేతులూ, వాటి సందు నుంచి రాలే బియ్యమూ కనబడతాయి. నాకు పది వేళ్ళూ ఉన్నాయి. మా ఇంట్లో పిడికెడు తీసేది మాత్రం నా భార్యే.