పూతరేకులోంచి కనిపించిన వియ్యంకుడు

మనిషిని పడగొట్టాలంటే పిడుగు పడాలి, లేదా లారీ గుద్దాలి అనుకుంటుంది లోకం. నన్ను పడగొట్టింది పూతరేకు. ఊదితే లేచిపోయే పూతరేకు. ఆ ఒక్క మధ్యాహ్నం నా ప్రాణం, నా పరువు, మా రెండో అమ్మాయి పెళ్ళి, మూడూ ఒకే మంచం మీద అడ్డంగా పడ్డాయి. ఎలా పడ్డాయో చెబుతాను. నవ్వండి, ఫరవాలేదు. మా ఇంట్లోవాళ్ళు ఇప్పటికీ ఆపలేదు.

మాది మలికిపురం, కొబ్బరి వ్యాపారం. ఐదో తరగతితో బడి నన్ను వదిలేసింది గానీ నేను చదువును వదల్లేదు. పకోడీలు కట్టిచ్చిన కాగితం కూడా చదవందే పారేయను. ఆరోగ్యం గురించి రాస్తే రెండుసార్లు చదువుతాను. అందుచేత వైద్యం మీద నాకు గట్టి అభిప్రాయాలు ఉండేవి, ఉన్నాయి. వాటిలో సగం తప్పని డాక్టర్లు అంటారు. వాళ్ళు చదివింది ఒక్క వైద్యమే. నేను అన్నీ చదివాను. ఎవరి మాట చెల్లాలో మీరే చెప్పండి.

చదువుతో పాటు ఒళ్ళూ పెంచాను. కొట్లో ఎండుకొబ్బరి కురిడీల బస్తాలు తూచే కాటా మీద సరదాకి ఎక్కితే, అవతల ఒక బస్తా పెట్టిన కుర్రాళ్ళు నా మొహం చూసి రెండోది తెచ్చారు. అదీ నాకు చింత కాదు. చింతల్లా మా పెద్దమ్మాయి పెళ్ళి దగ్గర పుట్టింది. తొంభైల్లో జరిగిన పెళ్ళి అది. పీటల మీద కూర్చున్నాను. అల్లుడి కాళ్ళు కడగడానికి వంగాను, నా పొట్టే ముందు పళ్ళెంలోకి దిగింది. కన్యాదానం అయ్యాక లేవమన్నారు. నలుగురు పట్టి లేపితే లేచాను, నాతో పాటు పీట కూడా లేచింది. పందిరంతా నవ్వింది. సన్నాయి ఊదేవాడు నవ్వలేక, ఊదలేక ఉక్కిరిబిక్కిరయ్యాడు. ఆ వీడియో క్యాసెట్ మా చుట్టాల ఇళ్ళల్లో ఆడినన్ని రోజులు రాజోలు హాల్లో ఏ సినిమా ఆడలేదు.

మళ్ళీ కొన్నేళ్ళకి రెండోది పద్మకి సంబంధం కుదిరింది, మురమళ్ళ వాళ్ళతో. అది ఒకరోజు నా పక్కన కూర్చుని, "నాన్నా, నా పెళ్ళికి పీటల మీద బాబాయి వాళ్ళని కూర్చోబెడదామా?" అంది. నా మంచికే అంది. ఆ మాట మాత్రం ముల్లులా దిగింది. నా కూతురి కన్యాదానం ఇంకొకడు చెయ్యడమా? ఆ వారమే హైదరాబాదు వెళ్ళి లావు తగ్గించే ఆపరేషనుకి ఒప్పుకున్నాను. ఊళ్ళో మాత్రం హెర్నియా అని చెప్పించాను. "తిండి ఆపుకోలేక పొట్ట కోయించుకున్నాడు" అని కాబోయే వియ్యాలవారు అనుకుంటే ఇంకేమైనా ఉందా?

ఇక్కడ ఒక మాట. ఈ ఆపరేషను అయిన కొత్తలో ఎలా ఉంటుందో నాకు ఏ పకోడీ కాగితమూ చెప్పలేదు. మెలకువ వచ్చేసరికి కుడి భుజం పీకేస్తోంది.

"డాక్టరు గారూ, కోసింది పొట్ట. నొప్పి భుజంలో. నన్ను బల్ల మీంచి గాని జారవిడిచారా?"

"లేదండి. కడుపులో గాలి నింపి చేస్తాం. మిగిలిన గాలి అలా భుజంలో నొప్పిగా తెలుస్తుంది. నడిస్తే పోతుంది."

ఆ సాయంత్రమే లేపి నడిపించారు. మా వైపు ఆవు ఈనినా ఆ పూటకి పడుకోనిస్తారు. తాగడానికి మందు సీసా మూతంత కప్పు ఇచ్చి, దాన్ని కూడా గుటక వెయ్యకుండా చప్పరించమన్నారు. కొబ్బరి బొండాం ఎత్తితే ఖాళీ అయ్యేదాకా దించని మనిషిని నేను. నాకు మూతతో నీళ్ళు. ఇంతా చేసి ఆకలి ఉందా అంటే లేదు. కడుపు చల్లబడింది, కన్నే చల్లబడలేదు. పక్క గదిలో ఎవరో ఇడ్లీ తింటున్న చప్పుడు కూడా నాకు వినిపించేది. ఇడ్లీకి చప్పుడేమిటంటారా? మీరు మూతతో నీళ్ళు తాగి చూడండి, వినిపిస్తుంది.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరు మా ఆవిడ సత్యవతిని కూర్చోబెట్టి చెప్పాడు.

"కొన్నాళ్ళు తేట ద్రవాలే ఇవ్వాలమ్మా. గుర్తు ఏంటంటే, గ్లాసు ఎత్తి చూస్తే అవతల ఉన్నది కనపడాలి. కనపడకపోతే ఇవ్వొద్దు. చక్కెర అసలు వద్దు."

నాకు ఆ సూత్రం ఎంత నచ్చిందో చెప్పలేను. అవతల కనపడితే తాగు, కనపడకపోతే మానెయ్. ఇంత పెద్ద చదువుని ఒక్క ముక్కలో చెప్పిన డాక్టర్ని అప్పటిదాకా చూడలేదు. ఆ ముక్కని మెచ్చుకుంటూ కూర్చోవడంలో చక్కెర ముక్క చెవిలో పూర్తిగా దిగలేదు.

ఇంటికొచ్చాక ఆ సూత్రాన్ని చట్టం చేశాను. చారు వడగట్టి తెస్తే కిటికీకి ఎత్తేవాణ్ణి.

"ఏం కనపడుతుందండీ?" అనేది సత్యవతి.

"కొబ్బరి చెట్టు."

"కాయలు కూడానా?"

"చెట్టే. కాయలు మసగ్గా ఉన్నాయి. ఇంకోసారి వడగట్టు."

"చారు తాగుతారా, చెట్టెక్కించి కాయల దింపు తీయిస్తారా?" అని గొణుక్కుంటూ వెళ్ళేది. మజ్జిగ తేట నెగ్గింది. బొండాం నీళ్ళు నెగ్గాయి. పప్పు కట్టు ఓడిపోయింది. రోగి కోరిందీ పాలే, వైద్యుడు ఇచ్చిందీ పాలే అంటారు. నాకు ఆ పాలు కూడా లేవు, వాటిలోంచి చెట్టు కనపడదు కదా.

అలా బుద్ధిగా ఉన్న రోజుల్లో ఒక మధ్యాహ్నం వాకిట్లో కారు ఆగింది. కాబోయే వియ్యంకుడు సూర్యనారాయణ గారు, వియ్యపురాలు కాంతమ్మ గారు, చేతిలో అట్టపెట్టె. సూర్యనారాయణ గారు కూడా నిండు విగ్రహం. కుర్చీలో కూర్చుంటే కుర్చీ, "అయ్యో" అన్నట్టు ఒక మూలుగు మూలిగింది. నాకు ఆ మూలుగు తెలుసు. మా ఇంటి కుర్చీలన్నీ నా దగ్గరే నేర్చుకున్నాయి.

"ఎలా ఉందండి బావగారూ?" అన్నాడాయన.

"బానే ఉందండి. చిన్న ఆపరేషనే."

"మొహం వాడిపోయిందేంటండి అన్నయ్యగారూ," అంది కాంతమ్మ గారు. "అందుకే దగ్గరుండి చుట్టించి తెచ్చేనండి. ఆత్రేయపురం పూతరేకులు. బెల్లం, నెయ్యి వేయించేను. ఒకటి నోట్లో వేసుకోండి."

సత్యవతి గుమ్మంలోంచి, "ఆయనకి పథ్యం అండి వదినగారూ," అంది.

"హెర్నియాకి తీపి పథ్యం ఏంటండి?" అని సూర్యనారాయణ గారు కుర్చీలో ముందుకు జరిగాడు. "మా అన్నయ్యకి చేయించేం. ఇంటికొచ్చిన మర్నాడే బూరెలు తిన్నాడు. కొంపదీసి ఇంకేదైనా ఉందా బావగారూ? దాచకండి. పెళ్ళి మూడు నెలల్లోకి వచ్చేసింది."

తాను తవ్విన గోతిలో తానే పడటం అంటే ఇదే. పైగా గొయ్యి నిండా బెల్లం, నెయ్యి. తినకపోతే రోగం దాచానంటారు. వియ్యాలవారు చేతికిచ్చిన తీపి వద్దంటే మర్యాద పోతుంది. తింటే డాక్టరు ఊరుకోడు. అప్పుడు నా స్వయంకృషి బుర్రలో దీపం వెలిగింది. పూతరేకు అంటే ఏమిటి? బియ్యప్పిండి కాగితం. కాగితంలోంచి చూస్తే?

ఒక రేకు విప్పి రెండు చేతులా ఎత్తి పట్టుకున్నాను. నెయ్యి తడిసిందేమో, అద్దంలా ఉంది. అవతల సూర్యనారాయణ గారు మీసంతో సహా కనిపించాడు.

"కనపడుతున్నారండి బావగారూ," అన్నాను, సంతోషం ఆపుకోలేక.

"ఎవరండి?"

"మీరే."

ఆయన భార్య వైపు చూశాడు. "నేను ఎదురుగానే ఉన్నాను కదండీ," అన్నాడు మెల్లిగా, జ్వరం ఉన్నవాడితో మాట్లాడినట్టు.

సత్యవతి గుమ్మంలో కళ్ళు ఉరిమి చూస్తోంది. నేను చూడనట్టు ఊరుకున్నాను. డాక్టరు చెప్పిన సూత్రానికి లోబడే ఉన్నాను. పైగా ఇందులో చక్కెర ఎక్కడుంది? ఉన్నది బెల్లం. బెల్లం వేరు, చక్కెర వేరు. ఇది చిన్నపిల్లాణ్ణి అడిగినా చెబుతాడు, కొట్టువాణ్ణి అడిగినా చెబుతాడు. ఇదంతా ఆలోచించేలోపు ఆ రేకు నాలుక మీద కరిగిపోయింది. ఆహా. ఏమీ కాలేదు. భూమి కదల్లేదు. డాక్టర్లు జనాన్ని ఉత్తినే భయపెడతారని ఎప్పటినుంచో నా అభిప్రాయం. ఆ అభిప్రాయం బలపడిన కొద్దీ చెయ్యి పెట్టెలోకి వెళ్ళింది. మిగతా చుట్ట లోపలికి పోయింది. కాంతమ్మ గారు మురిసిపోయి ఇంకొకటి అందించింది. దాన్ని కిటికీకి ఎత్తే ఓపిక కూడా పట్టలేదు.

ఒక పావుగంట పెళ్ళి పందిరి గురించి మాట్లాడుకున్నాం. ఉన్నట్టుండి నా గుండె జాతర డప్పులా మోగింది. ఒళ్ళంతా చెమట, బొండాం కొట్టినట్టు కారింది. కడుపులో సుళ్ళు తిరిగాయి. గోడ మీద క్యాలెండరు ఒకటే, నాకు మూడు కనపడ్డాయి. లేవబోయాను. లేవగానే కాళ్ళు వద్దన్నాయి. తిన్నగా వెళ్ళి వియ్యంకుడి ఒళ్ళో పడ్డాను. ఇప్పటిదాకా మూలిగిన కుర్చీ ఇద్దరి బరువుతో మూలగడం మానేసి విరిగిపోయింది.

"గుండెపోటండి, గుండెపోటు," అన్నాడు కింద నుంచి సూర్యనారాయణ గారు.

"నా చేత్తో పెట్టేనండి. నా పూతరేకే ఆయన్ని చంపేసిందండి," అని కాంతమ్మ గారు ఏడుపు.

ఎలాగో మంచం మీదకి చేర్చారు. నా చెవులు మాత్రం పని చేస్తున్నాయి. వియ్యంకుడు సత్యవతితో అంటున్నాడు: "చెల్లమ్మా, ఏమనుకోకు. ముహూర్తం వాయిదా వేసేద్దాం. బావగారు లేచి తిరిగాక చూద్దాం. ఈయన పీటల మీద కూర్చునే స్థితిలో లేరు కదా."

గుండె దడకన్నా ఆ మాట ఎక్కువ దడ పుట్టించింది. పీటల కోసమే పొట్ట కోయించుకున్నవాణ్ణి. తలుపు దగ్గర పద్మ నిలబడి ఉంది. ఏడవడం లేదు, నా వైపే చూస్తోంది. ఏదో చెబుదామని నోరు తెరిచాను. కడుపు అడ్డం వచ్చి, నన్ను పెరటి వైపు తీసుకుపొమ్మంది. దాని మాటే విన్నాం. ఆ భాగం మీకు చెప్పను.

తిరిగొచ్చేసరికి సత్యవతి సెల్‌ఫోన్‌లో డాక్టర్ని పట్టుకుంది. గదిలో అందరికీ వినపడేలా స్పీకరు నొక్కింది, తెలిసి నొక్కిందో తెలియక నొక్కిందో ఇప్పటికీ చెప్పదు.

"ఏం తిన్నారమ్మా?"

"పూతరేకులండి."

"ఎందుకు తిన్నారు?"

"అవతల మా వియ్యంకులవారు కనపడ్డారంటండి."

డాక్టరు ఫోను పక్కన పెట్టి నవ్వాడని నా అనుమానం. మళ్ళీ లైన్లోకి వచ్చి అన్నాడు: "గుండెపోటులా లేదమ్మా. పొట్ట చిన్నది చేసి పేగుకి కలిపాం కదా, తీపి ఒక్కసారిగా పేగులోకి దిగితే ఇలాగే దడ, చెమట, విరేచనం అవుతాయి. పడుకోబెట్టండి, గంటా రెండు గంటల్లో సర్దుకుంటుంది. తగ్గకపోయినా, కడుపునొప్పి, జ్వరం, వాంతులు మొదలైనా వెంటనే తీసుకురావాలి. బెల్లం కూడా చక్కెరే అని ఆయనకి చెప్పండి. లావు తగ్గే ఆపరేషను చేయించుకుని పూతరేకులు తినడం ఏంటండీ?"

అయిపోయింది. హెర్నియా చచ్చిపోయింది. దానితో పాటు నా పరువు కూడా.

సత్యవతి ఇంక దాచలేదు. "తిండి కోసం కాదండి అన్నయ్యగారూ. పెద్దమ్మాయి పెళ్ళిలో పీటల మీంచి లేవలేకపోయేరు. పద్మ పెళ్ళికి లేవాలని చేయించుకున్నారు," అంది.

సూర్యనారాయణ గారు విరిగిన కుర్చీ వంక చూశాడు, నా వంక చూశాడు, ఆడవాళ్ళని కాఫీ పెట్టమని పంపేశాడు. తలుపు దగ్గరగా వేసి మంచం అంచున కూర్చున్నాడు. సంబంధం వద్దని చెప్పడానికే అనుకున్నాను.

"బావగారూ, మీ పెద్దమ్మాయి పెళ్ళి క్యాసెట్ నేనూ చూసేనండి."

"ఆయ్."

"నవ్వేను కూడానండి."

"ఆయ్." ఇంకేం అంటాను?

"ఇంటికెళ్ళి ఒక్కణ్ణే తలుపు వేసుకుని పీట మీద కూర్చున్నానండి, నేను లేవగలనో లేదో చూద్దామని." ఆగి గొంతు తగ్గించాడు. "మా ఆవిడ వచ్చి లేపింది. ముహూర్తం ఎక్కడికీ కదలదండి. మీరే పీటల మీద కూర్చోవాలి. కానీ ఆ డాక్టరు అడ్రసు నాకు ఇప్పించాలి. మావాళ్ళకి మాత్రం చెప్పకండి. హెర్నియా అందాం."

పెళ్ళి ఆ ముహూర్తానికే జరిగింది. అప్పటికి కాటా మీద అర బస్తా తగ్గాను. పీటల మీద కూర్చున్నాను. అల్లుడి కాళ్ళు కడిగాను. లేవమన్నారు, ఎవరూ పట్టకుండా లేచాను. అలవాటుకొద్దీ వెనక్కి తిరిగి చూశాను. పీట నేల మీదే ఉంది. పద్మ తల వంచుకునే ఉంది గానీ, నాకు మాత్రమే కనపడేలా నవ్వింది. పందిట్లో ముందు చప్పట్లు కొట్టింది సూర్యనారాయణ గారు.

మరుసటేడు ఆయనకీ అదే ఆపరేషను అయింది. చూడ్డానికి మురమళ్ళ వెళ్ళాను. మజ్జిగ తేట ముందు పెట్టుకుని నీరసంగా కూర్చున్నాడు. కాంతమ్మ గారు లోపలికి వెళ్ళగానే తలగడ కింద నుంచి ఒక పూతరేకు తీసి, రేకు విప్పి, కిటికీకి ఎత్తాడు.

"బావగారూ, కనపడుతున్నారండి," అన్నాడు.

బావగారి ప్రాణం నాకు ముఖ్యం. చేతిలోంచి లాక్కున్నాను. సాక్ష్యం మిగలకూడదని ఒక ముక్క నోట్లో వేసుకుని, మిగతాది కాంతమ్మ గారికి అప్పగించాను.

అప్పుడే మా ఊరి దేవుళ్ళందరి మీదా, మా కురిడీ కాటా మీదా ఒట్టు పెట్టుకున్నాను. ఈ జన్మలో పూతరేకు ఎదురైతే దానిలోంచి చూడను గాక చూడను. గట్టిగా కళ్ళు మూసుకునే తింటాను.