తాళంచెవి ఎక్కడుందో ఎవరికి తెలుసు?

సింగపూర్‌లో మాకు తెలిసిన ఏ ఇంట్లోనూ తుపాకీ లేదు. అలాంటి ఊళ్లో కూర్చుని ఐటీ బూమ్ రోజుల్లో ఒక సర్వే కంపెనీలో నేను చేసిన పని ఏమిటంటే, "ఇంట్లో తుపాకీని తాళం వేసి ఉంచండి" అని అమెరికాలో చేసిన ప్రచారం ఎంతవరకు పనిచేసిందో తేల్చడం. నవ్వేవాళ్లు నవ్వారు. నేను మాత్రం సర్వే జవాబులు చూసి మండిపడ్డాను. "తాళంచెవి పిల్లలకు తెలియకుండా దాచారా?" అని అడిగితే తల్లిదండ్రులంతా "దాచాం" అన్నారట. అనక ఏమంటారు?

"ప్రచారం సక్సెస్, రిపోర్టు పంపేద్దాం" అన్నారు మా మేనేజర్. తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ కుటుంబం ఆయనది. ఆ రిపోర్టు వెళ్తే అవే పోస్టర్లు మళ్లీ అంటిస్తారు, తుపాకులు పిల్లల చేతికి అందుతూనే ఉంటాయి.

"పిల్లల్ని అడగాలి సార్" అన్నాను.

"వాళ్లకేం తెలుసు లా!" అన్నారాయన, ఇక్కడివాళ్లందరిలాగే మాట చివర ఓ 'లా' తగిలించి.

నాకు ఒళ్లు మండింది. ఆదివారం మా ఇంటికి మకాన్‌కి, అదే భోజనానికి, రమ్మన్నాను ఆయన్ని.

హౌగాంగ్‌లో మా ఫ్లాట్. ఇంట్లో చిన్నపిల్ల ఉందని అత్తగారు తన బీపీ మాత్రలు స్టీలు పెట్టెలో పెట్టి తాళం వేసేవారు. గుత్తివంకాయ వడ్డిస్తూ ఆ మాట నేనే కదిపాను.

"తాళంచెవి ఎక్కడ పెడతానో నా కొడుక్కే తెలీదు బాబూ" అన్నారావిడ ధీమాగా.

మా ఐదేళ్ల కూతుర్ని అడిగాను. ఏం చెబుతుందో నిజానికి నాకూ తెలీదు.

"వెంకటేశ్వరస్వామి ఫొటో వెనకాల లా. ఎవ్రీబడీ నోస్!" అంటూ స్టూలు లాక్కుని ఎక్కి, తాళంచెవి తెచ్చి మేనేజర్ చేతిలో పెట్టింది.

మేనేజర్ తినడం ఆపి, "రిపోర్టు ఆపుతాను" అన్నారు.

ఆపారు. క్లయింటుతో వాదించి పిల్లలకు వేసే ప్రశ్న చేర్పించారు. ఆ జవాబులు వచ్చాక పాత పోస్టర్లు మూలపడ్డాయి. "దాచామని అనుకోకండి, పిల్లల్ని అడిగి చూడండి" అంటూ కొత్తవి వచ్చాయి. ఆ మాట నాదేనని ఆఫీసంతా తిరిగి చెప్పుకున్నాను. సిగ్గేం పడలేదు!

ఆ సంబరానికి మేనేజర్ మళ్లీ భోజనానికొచ్చారు. అప్పటికి అత్తగారు తాళంచెవి చోటు మార్చేశారు. ఈసారి ఆయనే మా పిల్లని అడిగారు. అది ఫొటో వైపు చూసింది, బీరువా వైపు చూసింది, పెదవి విరిచింది.

"డోంట్ నో లా."

అత్తగారు వడ్డించే గరిటె పక్కన పడేసి దాన్ని ఎత్తుకుని ముద్దులాడేశారు. "తెలీదంది! నా బంగారుతల్లి తెలీదంది!"