వదిన గదిలో థర్మామీటరు

నిన్న అటక మీదినుంచి పాత సూట్‌కేసు దింపుతుంటే, చుట్టచుట్టిన చార్టు ఒకటి నా నెత్తిన పడింది. విప్పి చూస్తే, రెండేళ్ళ కింద ఎనిమిదో తరగతిలో మా మనవరాలు చేసిన సైన్సు పోస్టరు. రంగులు కాస్త వెలిశాయి, జిగురు మరకల చుట్టూ చీమలు కొరికిన గుర్తులున్నాయి. మధ్యలో మూడు నీలం పట్టీలు, మూడోదాని పక్కన ఎర్రది ఒకటి. ఆ ఎర్రది మాత్రం చార్టు పైఅంచు దాకా పోయింది. అది కంటబడగానే చార్టు పట్టుకునే కింద కూర్చుండిపోయాను. రెండేళ్ళయినా నాకు ఆ అదురు తగ్గలేదు. సూట్‌కేసు ఎందుకు దింపానో ఇప్పటికీ గుర్తు రావడం లేదు.

ముందు నా సంగతి చెప్పాలి, తప్పంతా అక్కడే ఉంది కాబట్టి. మాది బెంగళూరు బళేపేటలో నాలుగు తరాలుగా గాజుల వ్యాపారం. నాకు చదువు పొగరు లేదు, డబ్బు పొగరు ఉండేటంత డబ్బూ లేదు. ఉన్నదల్లా ఒకటే: బెంగళూరులో పుట్టినవాడికి ఫ్యాను అక్కరలేదు! ఎండాకాలం కడప నుంచి చుట్టాలొచ్చి "అబ్బ, మీ ఊరు ఎంత చల్లగా ఉంది" అంటే, ఆ చల్లదనమేదో మా నాన్నే కట్టించినట్టు మీసం దువ్వుకునేవాణ్ణి. వైట్‌ఫీల్డులో ఉద్యోగం చేసే మా అబ్బాయి తన గదికి ఏసీ పెట్టించుకున్నాడని నెల రోజులు వాడితో సరిగ్గా మాట్లాడలేదు. ఆ నెలంతా హాలులో వాడి ఎదుటే శాలువా కప్పుకుని కూర్చున్నాను. లోపల చెమటలు కారిపోతూనే ఉన్నాయి, అది వేరే విషయం.

ఇక మా వదిన. నాకు అయిదేళ్ళప్పుడు అమ్మ పోతే, అప్పుడే మా అన్నకు పెళ్ళామై కాపురానికి వచ్చిన ఈవిడే నన్ను పెంచింది. నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు పక్కన కూర్చుని నుదుటి మీద తడిగుడ్డ మార్చుతూనే ఉంది. డాక్టరు నోట్లో పెట్టడానికిచ్చిన థర్మామీటరు శుభ్రంగా ఉండాలని మరిగే నీళ్ళలో కడిగితే అది టప్పున పగిలి, పాదరసం గదంతా పూసలుపూసలుగా దొర్లింది. "గాజుల ఇంటికి కోడలివై ఉండి, గాజు వేడికి పగులుతుందని తెలీదా?" అని మా నాన్న అందరి ముందూ కేకలేశాడు. నేను జ్వరంలో కూడా ఆ పూసల్ని పట్టుకోవాలని మంచం దిగబోయానట. ఈ కథ చెప్పినప్పుడల్లా ఇంట్లో అందరం నవ్వేవాళ్ళం. వదిన మాత్రం నవ్వేది కాదు.

అన్న పోయాడు, వాళ్ళకు పిల్లల్లేరు. మనవరాలు పుట్టినప్పుడు ఇల్లు ఇరుకై, వదిన తనంతట తానే మిద్దె మీది రేకుల గదిలోకి మారింది. పొద్దున, సాయంత్రం కిందికొచ్చేది. మధ్యాహ్నం నేను అంగట్లో ఉండేవాణ్ణి, పైగా నా మోకాళ్ళకు ఆ ఇనుప మెట్లు పడవు. మధ్యాహ్నం పూట ఆ గది మొహం చూసిన పాపాన పోలేదు.

రెండేళ్ళ కిందటి ఆ ఎండాకాలం మీకూ గుర్తుండే ఉంటుంది. బోర్లు ఎండిపోయి, వీధివీధికీ ట్యాంకర్లు తిరిగాయి. ఒకరోజు పొద్దున కాఫీ తాగుతూ వదిన నెమ్మదిగా అంది: "సెకె తట్టుకోను కాలేదప్పా. పైన ఒక ఫ్యాను పెట్టించు." ఉక్కను ఆవిడ ఎప్పుడూ కన్నడంలో సెకె అనే అంటుంది.

"బెంగళూరులో ఫ్యానా వదినా? నలుగురూ వింటే నవ్వుతారు!" అన్నాను. అని నేనే పెద్దగా నవ్వాను.

ఆవిడ మళ్ళీ అడగలేదు. కానీ పక్కనే ఇడ్లీ తింటున్న మనవరాలు ఊరుకోలేదు. వాళ్ళ బడిలో ఒకే ఊళ్ళో ఒక్కోచోట వేడి ఎందుకు మారుతుందో కొలిచి పోస్టరు చెయ్యమన్నారట. "తాతా, పెద్దవ్వ రూమ్‌లో కూడా మెజర్ చేస్తా. స్కూల్ చెట్టు కింద కంటే అయిదు డిగ్రీలు ఎక్కువుంటే ఫ్యాన్ పెట్టించాలి. ప్రామిస్?" అంది. మీసం దువ్వి మరీ చేతిలో చెయ్యి వేశాను.

ఎర్రనీళ్ళుండే గాజు థర్మామీటర్లు మూడు కొనుక్కొచ్చింది. ఒకటి బడి చెట్టు కింద, ఒకటి వాళ్ళ నాన్న ఆఫీసు కారు పార్కింగులో, మూడోది పెద్దవ్వ, అంటే మా వదిన గది గోడకు. వదినకు అంకెలు సరిగా కనబడవు కాబట్టి, పక్కనే కాగితం అంటించి "రెండు గంటలకి ఎర్రగీత ఎక్కడుంటే అక్కడ పెన్సిల్ గీత పెట్టు పెద్దవ్వా, అంతే" అని చెప్పింది. "జాగ్రత్త, పగిలితే నా ప్రాజెక్ట్ పోతుంది" అని కూడా చెప్పి బడికి పోయింది.

పది రోజుల తర్వాత లెక్క తీస్తే, రేకుల గది చెట్టునీడ కంటే చల్లగా ఉందని తేలింది! నా సంబరం చూడాలి. వీధిలో కిళ్ళీకొట్టు దాకా పోయి చెప్పొచ్చాను. పిల్ల మాత్రం పెన్సిలు కొరుకుతూ "నాట్ పాసిబుల్ తాతా, రేకు కింద చల్లగా ఎట్లుంటుంది?" అని సణిగింది. "ఇది మీ నాన్న వైట్‌ఫీల్డు కాదమ్మా, బళేపేట!" అన్నాను.

వదిన గోడకానుకుని నిలబడి అంతా వింది. "మీటరే చెప్పినాక ఇంకేముండాది లే. నా ఒళ్ళే సరిగ్గా లేదేమో" అని మెట్లెక్కి పోయింది. గెలిచిన ఊపులో ఉన్న నాకు ఆ మాట చెవికెక్కలేదు.

ఆదివారం హాలులో చార్టు పరిచి, నీలం కాగితం కత్తిరించి ముగ్గురం పట్టీలు అంటించాం. అంటే పిల్లా, వాళ్ళమ్మా అంటించారు, నేను జిగురు డబ్బా పట్టుకున్నాను. అంతా అయ్యాక ప్రతిచోటా థర్మామీటరు ఫోటో కావాలంది పిల్ల. మధ్యాహ్నం రెండు కావస్తోంది. గెలిచిన గదిని నా కళ్ళతో చూద్దామని మోకాళ్ళు పట్టుకుని నేనూ ఎక్కాను.

తలుపు తోయగానే మొహం మీద వేడి కొట్టింది, పొయ్యి మూత తీసినట్టు. లోపల వదిన చాప మీద గోడకు చేరగిలబడి కళ్ళు మూసుకుని ఉంది. మొహం కందిపోయింది, పెదాలు ఎండిపోయాయి. ఎదుటి గోడకు థర్మామీటరు కనబడలేదు. దాన్ని తగిలించిన మేకుకు ఆవిడ తువ్వాలు నాలుగు మడతలు పెట్టి చుట్టి ఉంది, తడితడిగా, కింద బొట్లుబొట్లుగా కారుతూ.

"పెద్దవ్వా, ఏంటిది?" అని అరిచింది పిల్ల.

వదిన కళ్ళు తెరిచి కంగారుపడింది. "పగిలిపోతాదని తల్లీ. గాజు కదా, ఈ సెకెకి ఆగుతాదా? నీ పరీక్ష వస్తువు అంటివే. దినమూ తడుపుతానే ఉండాను. గీత పెట్టేటప్పుడు మాత్రం తీసి చూస్తాను."

"మరి నీ తలకు?" అన్నాను. ఏటా ఎండాకాలం ఆ తువ్వాలు తడిపి తలకే చుట్టుకునేదని మా కోడలు చెప్పగా విన్నదే. ట్యాంకరు నీళ్ళు కదా, పొద్దున ఒక్క చెంబే పైకి తెచ్చుకునేది.

"ఉండేది ఒక్క చెంబు కదప్పా. నాదేముండాది, పగిలిపోతానా ఏమి?"

పిల్ల తువ్వాలు విప్పి, థర్మామీటరు తుడిచి ఆరబెట్టింది. మేం చూస్తుండగానే ఎర్రగీత కదిలింది. పెన్సిల్ గీతలన్నీ దాటింది. చెట్టునీడ లెక్క దాటింది, నేను ఒప్పుకున్న అయిదు డిగ్రీలు దాటింది, ఇంకా ఎక్కుతూనే ఉంది. నా నుదుటి మీద తడిగుడ్డ వేసిన చెయ్యి, ఆ పగిలిన థర్మామీటరు కథకు నేను నవ్విన నవ్వుకు జడిసి, ఉన్న ఒక్క తడిగుడ్డనూ గోడకు కట్టింది. ఏడుపు కూడా రాలేదు. సిగ్గు మాత్రం వేసింది, చచ్చేంత సిగ్గు.

కొడుకు వచ్చి వదినను చేతుల మీద కిందికి దింపాడు. నా గది ఆవిడకిచ్చి నేను హాలులోకి మారాను, ఆ సాయంత్రమే ఫ్యాను బిగించారు. కొత్త చార్టు కొనిస్తానంటే మనవరాలు వద్దంది. నీలం పట్టీ పీకనూ లేదు. దాని పక్కనే ఎర్ర పట్టీ అంటించి, కింద రాసింది: "మొదటి కొలతలు తప్పు. థర్మామీటరుకు తడిగుడ్డ ఉంది. మనిషికి లేదు." బడిలో బహుమతి వేరెవరికో వచ్చింది.

చార్టు మళ్ళీ చుట్టి అటక మీద పెట్టబోతుంటే, లోపలి నుంచి వదిన "ఏమప్పా అది?" అని అడిగింది. ఫ్యాను ఒకటో నంబరు మీదే తిరుగుతోంది, అంతకు మించి ఆవిడ పెట్టనివ్వదు. "ఏం లేదు వదినా, పాత కాగితం" అన్నాను. ఆ చార్టులో ఉన్నది పది మధ్యాహ్నాల లెక్క. వదిన ఆ గదిలో మనవరాలి అప్పటి వయసంతా, పదమూడు ఎండాకాలాలు గడిపింది, ఆ ఆదివారం దాకా నేను ఒక్క మధ్యాహ్నం కూడా తలుపు తీసి చూడలేదు.