రెండు వేళ్ళ గుడ్డ

టైలరు మాస్టారు ఎవరికి చొక్కా కుట్టినా కుట్టు లోపల రెండు వేళ్ళ గుడ్డ అదనంగా వదులుతాడు. రేపు ఒళ్ళు చేస్తే విప్పుకోవడానికి ఉండాలంటాడు. ఆకాశంలో మబ్బుతునక లేకపోయినా గొడుగు చంకలో ఉండాల్సిందే. ఈ మధ్య ఫోను ఛార్జింగు సగానికి దిగిందంటే మిషను మీద చెయ్యి ఆడటం లేదు. అలాంటి మనిషి కరెంటు కారు కొనడానికి వెళ్ళి షోరూము అమ్మాయికి చుక్కలు చూపించాడు. "ఏసీ వేస్తే వెళ్ళే దూరం ఎంత తగ్గుతుందమ్మా? ఎదురుగాలి కొడితే? వెనక సామాను పెడితే?" మెడలోని టేపు కొసను వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ అడిగిందే అడిగాడు. పక్కన భార్య చూపంతా ఆయన చేతిలోని ఫోను మీదే ఉంది.

"అసలు ఎక్కడిదాకా వెళ్ళాలి సార్?" అంది ఆ అమ్మాయి, ఓపిక తెచ్చుకుని. ఊరి పేరు చెప్పి, "మా పిల్ల అత్తారిల్లు," అన్నాడు. ఆ అమ్మాయి తేలిగ్గా నవ్వేసింది. "ఓస్, అంతేనా! దానికి ఈ చిన్న కారు చాలు సార్. రాత్రికి వాళ్ళింట్లోనే ఛార్జింగు పెట్టుకుంటే పొద్దున్నకి నిండిపోతుంది." మాస్టారు వేలికి చుట్టిన టేపు వదిలేశాడు. "ఆ ఇంట్లో ప్లగ్గు అడగలేనమ్మా. దారిలో ఎక్కడా ఆగకూడదు కూడా. అటునుంచి అటే తిరిగొచ్చేయాలి." భార్య అందుకుంది. "వెళ్ళేటప్పుడు ఇద్దరమే. వచ్చేటప్పుడు ముగ్గురం."

ఆ అమ్మాయి వాళ్ళని పెద్ద కారు దగ్గరికి తీసుకెళ్ళి, ముందుగా వెనక తలుపు తెరిచింది.