అడాజన్ నుంచి హజీరా దాకా ఒకే పాట

మా ఇంట్లో నా సంగీతానికి ప్రవేశం లేదు. చెప్పులతో పాటు దాన్నీ గుమ్మం బయటే విడిచి రావాలి. పెళ్ళైన కొత్తలో ఒకసారి, అమాయకత్వం కొద్దీ, హాల్లో ఒక ప్రోగ్రెసివ్ రాక్ ఆల్బమ్ పెట్టాను. మా ఆవిడ వంటింట్లో కాసేపు ఓర్చుకుని, పప్పు గరిటెతో సహా బయటికి వచ్చి, "వాళ్ళు పాట మొదలుపెట్టారా, ఇంకా సామాన్లు సర్దుకుంటున్నారా?" అని అడిగింది. అప్పటికి పాట సగం అయిపోయింది. ఆ సంగతి చెప్పే ధైర్యం నాకు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

ఎరగనివాళ్ళ కోసం రెండు ముక్కలు చెబుతాను. ఒకప్పుడు ఇంగ్లండులో, చదువు ఎక్కువై, జుట్టు అంతకన్నా ఎక్కువై, పాట మూడు నిమిషాల్లో ముగిసిపోవడం మహాపాపమని నమ్మిన కుర్రాళ్ళు కొందరు కనిపెట్టిన సంగీతమిది. పల్లవి ఒక ఊళ్ళో మొదలవుతుంది, చరణం పక్క జిల్లాలో తేలుతుంది, మధ్యలో కీబోర్డువాడు సంతకెళ్ళి బేరాలన్నీ ఆడి తిరిగొస్తాడు. మనం చిటికె వేద్దామనుకునేసరికి తాళం పక్కకి తప్పుకుంటుంది. డ్రమ్ములవాడు స్టీలు సామాన్ల కొట్టును మేడ మీంచి దొర్లించినట్టు వాయిస్తాడు. పాట పూర్తయ్యేసరికి వినేవాడికి గడ్డం పెరుగుతుంది. హాస్టల్లో ఉండగా ఓ అరిగిపోయిన క్యాసెట్ ద్వారా నాకీ జబ్బు అంటుకుంది. ఇన్నేళ్ళుగా మందు దొరకలేదు. నేను వెతకనూ లేదు.

ఈ జబ్బును పోషించుకోవడానికి భూమ్మీద నాకు మిగిలిన జాగా ఒక్కటే: నా కారు. మేం ముగ్గురం సూరత్‌లో, అడాజన్ పేటలో ఉంటూ ఊరవతల హజీరాలోని ఫ్యాక్టరీకి ఒకే కారులో వెళ్ళేవాళ్ళం. వారానికొకరి బండి. మా కారు రాజ్యాంగంలో ఒకే ఒక్క అధికరణం ఉండేది: బండి ఎవరిదో పాట వాళ్ళది. నా వారం వచ్చిందంటే నాకు దసరా.

ముందు సీట్లో నా పక్కన కూర్చునేవాడు గుంటూరాయన. మా ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసరు. ఇడ్లీ తినేటప్పుడు కూడా ముందు చట్నీలో ప్రమాదం ఏమన్నా ఉందేమోనని పరీక్షించే మనిషి. సీటు బెల్టు ఆయన మెడలో జంధ్యంలా శాశ్వతంగా ఉంటుందని నా అనుమానం. ఆయన వారంలో కారు నిండా పాత సినిమా పాటలు. నా వారంలో ఆయన ముఖం నిండా వైరాగ్యం. వెనక సీటు మనిషి ఆ ఏడాది బదిలీ మీద వెళ్ళిపోయాడు. బదిలీ ఆయనే అడిగి పుచ్చుకున్నాడనీ, కారణం నా వారాలేననీ గిట్టనివాళ్ళు చెప్పుకున్నారు. గిట్టనివాళ్ళంటే గుంటూరాయనే.

దీపావళి వెళ్ళాక ఆ సీట్లోకి కొత్త మనిషి వచ్చాడు. మెయింటెనెన్స్ విభాగం. నలభై ఏళ్ళుంటాయి. వాళ్ళ నాన్న కరీంనగర్ నుంచి వచ్చి సూరత్‌లోనే డిండోలి పేటలో సాంచాలు నడిపినవాడు. సాంచాలంటే మరమగ్గాలు. ఇతను పుట్టిందీ పెరిగిందీ ఆ మగ్గాల గోడకి ఆనుకుని ఉన్న గదిలోనే. డిప్లొమా చేసి, ఉద్యోగం చేసి, ఎట్టకేలకు అడాజన్‌లో ఫ్లాటు కొనుక్కుని అప్పుడే దిగాడు.

అతను వస్తాడని తెలిసిన రోజే గుంటూరాయన రాజ్యాంగ సవరణ ప్రతిపాదించాడు.

"గురువుగారూ, ఇహ నావల్ల కాదండీ. ఐదు నిమిషాలు దాటిన పాట ఏ బండిలోనూ పెట్టకూడదు. ఓటింగ్ పెట్టేద్దాం."

"ఇద్దరమే కదండీ. చెరో ఓటూ అయితే ఎటూ తేలదు."

"కొత్తాయన ఉన్నాడుగా. సోమవారం నుంచి మీ వారమేగా. వారమంతా విననివ్వండి. శనివారం పొద్దున టిఫినుకి లోచో బండి దగ్గర చెబుతాడు. ఆయన ఏదంటే అదే."

ఐదు నిమిషాలంటే నా పాటల్లో గాయకుడు గొంతు సవరించుకోవడానికే చాలదు. ఓడిపోతే నా సంగీతానికి ఇంట్లో చోటు లేదు, కారులో చోటు లేదు. ఇక తాపీ నది ఒడ్డుకెళ్ళి కాకులకి వినిపించుకోవాలి.

ఆదివారమంతా నేను పాఠ్యప్రణాళిక వేశాను. కొత్తగా వినేవాడికి ఏ ఆల్బమ్ ముందు పెట్టాలి, ఏది తర్వాత అనేది అన్నప్రాశన లాంటి వ్యవహారం. పిల్లాడి నోట్లో మొదటి రోజే ఆవకాయ పెట్టకూడదు. పేర్లు మాత్రం మీకు చెప్పను. చెబితే ఫోన్‌లో వెతికి, మొదటి నిమిషం విని, నా మీద ఒక అభిప్రాయానికి వచ్చేస్తారు. గుర్తులు చెబుతాను. మొదటిది, అట్ట మీద గొడుగు పట్టుకున్న తిమింగలం బొమ్మ ఉన్నది: పిల్లనగ్రోవి, గిటారు తీగలు, పాలూ అన్నం కలిపినంత మెత్తన. తర్వాత ఇటలీ వాళ్ళది: సగం పియానో, సగం పిడుగు. ఆ పైన, గడియారాలు బాగుచేసే ముసలాయన చంద్రుడి మీదకి కాపురం మార్చిన కథంతా పాడిన జంట ఆల్బమ్. అన్నిటికన్నా చివర, శుక్రవారం నాడు, అచ్చంగా ఆవకాయ: పాట పొడుగునా ఏడు దెబ్బల తాళం. భయపడక్కర్లేదు, మన మిశ్రచాపే. తకిట తకధిమి అని వేలు తొడ మీద వేసుకుంటే దారికొస్తుంది. కాకపోతే వీళ్ళు దాన్ని పూనకం వచ్చినట్టు వాయిస్తారు.

సోమవారం తిమింగలం మొదలైంది. కొత్తాయన వెనక సీట్లో నిటారుగా కూర్చున్నాడు. అద్దంలో చూస్తే కళ్ళు చింతనిప్పులు. పిల్లనగ్రోవి వినపడేకొద్దీ అటూ ఇటూ ఇబ్బందిగా మెదిలాడు. హజీరా చిమ్నీలు కనపడ్డాక నోరు తెరిచాడు.

"అన్నా, పాట ఎప్పుడు షురూ అయితది?"

గుంటూరాయన కిటికీ వైపు తిరిగి దగ్గాడు. అది దగ్గు కాదు.

మంగళవారం ఇటలీ వాళ్ళు. పియానో నడిచినంతసేపూ ఎర్ర కళ్ళే. డ్రమ్ములు విరుచుకుపడగానే అద్దంలో ఒక అద్భుతం కనిపించింది. కొత్తాయన కళ్ళు మూసుకున్నాడు. తల మెల్లగా పక్కకి, మళ్ళీ ఇటు పక్కకి. నా గుండె ఎగిరి గంతేసింది. కచేరీల్లో మొదటి వరసలో కూర్చుని కళ్ళు మూసి తలాడించే పెద్దల్ని చిన్నప్పటి నుంచీ చూశాను; ఆ భంగిమ నాకు తెలియనిదా! ఇంతలో మళ్ళీ పియానో వచ్చింది. అతను ఉలిక్కిపడి లేచాడు.

"ఏమైందన్నా? కరెంటు పోయిందా?"

నేను అబ్బురపడ్డాను. ఆ ముక్కలో పియానోవాడు నిజంగానే నీరసంగా వాయించాడని నాకూ ఎప్పటినుంచో అభిప్రాయం. దాన్ని ఒక్క మాటలో తేల్చేశాడు! ఇంతటి విమర్శకుడు డిండోలిలో ఇన్నాళ్ళూ మరుగున పడి ఉండటం జాతికి నష్టం కాదా?

ఆ రాత్రికి రాత్రే పాఠ్యప్రణాళిక తిరగేశాను. బుధవారానికే ఆవకాయ జాడీ మూత తీశాను. ఏడు దెబ్బల తాళం పాల్ రోడ్డు దాటకముందే శివాలెత్తింది. మా ముందు ఇనుప చుట్టలు మోసుకుపోతున్న లారీ కూడా ఆ మోతకి దారిచ్చింది. కొత్తాయన కళ్ళు మూతపడ్డాయి. తల ముందుకీ పక్కకీ వెనక్కీ, ముఖం మీద అలౌకికమైన ప్రశాంతత. నోరు కూడా కొంచెం తెరుచుకుంది. అంతటి తన్మయత్వం నేను గుడిలో కూడా చూడలేదు.

ఇంటికొచ్చి మా ఆవిడతో గర్వంగా చెప్పాను. "కళ్ళు మూసుకుని వింటున్నాడు, తెలుసా?"

"పాపం," అంది మా ఆవిడ. "చెవులు మూసుకుంటే బాగుండదని కళ్ళు మూసుకుని ఉంటాడు."

గురువారం ముసలాయనా, చంద్రుడూ. డ్రమ్ములున్నంతసేపూ తన్మయత్వం, ముసలాయన ఒంటరిగా పాడుకున్నప్పుడల్లా ఉలికిపాటు. శుక్రవారం మళ్ళీ ఆవకాయే పెట్టాను. పాట ఆఖరి స్వరం ఆగి, కారులో నిశ్శబ్దం పరుచుకోవలసిన ఆ పవిత్ర క్షణంలో, వెనక సీట్లోంచి రంపంతో టేకు దుంగ కోస్తున్న చప్పుడొకటి వచ్చింది.

గుంటూరాయన బెల్టు అనుమతించినంత మేరకు వెనక్కి తిరిగి చూశాడు. చాలాసేపు చూశాడు. ఆనందాన్ని పొదుపుగా వాడుకుంటున్నాడు.

"గురువుగారూ, మీ రసికుడు గురక పెడుతున్నాడండీ."

"అది... శ్రుతి కలుపుతున్నాడేమోనండీ," అన్నాను. నాకే నమ్మకం లేదు.

శనివారం పొద్దున్నే లోచో బండి దగ్గర సభ చేరింది. ఆకు దొప్పల్లో వేడి లోచో, అంటే ఆవిరి మీద ఉడికించిన మెత్తటి శనగపిండి ముద్ద, పైన కరిగిన వెన్న, సేవ్ అనే సన్న కారప్పూస, పక్కన పచ్చి ఉల్లిపాయ. సూరత్ మనిషి లోచో ముందు అబద్ధం ఆడడు. నాకు ముద్ద దిగలేదు. దిగలేదంటే రెండో దొప్ప దిగలేదని.

"చెప్పవయ్యా," అన్నాడు గుంటూరాయన. "నిర్మొహమాటంగా చెప్పు. ఈయన పాటలు ఉంచాలా, తీసెయ్యాలా?"

కొత్తాయన దొప్ప కింద పెట్టాడు. పెట్టి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. ఆ పట్టుకోవడంలో ఉల్లిపాయ ముక్కొకటి నా వేళ్ళ మధ్యకి వచ్చింది.

"అన్నా, నీ రుణం ఎట్ల తీర్చుకోవాల్నో సమజైతలేదు. కొత్త ఇంట్లకి వచ్చినసంది నాకు నిద్రనే లేదు. మా ఇంటికాడ రాత్రంత సాంచాలు నడుస్తుండె. ఆ చప్పుడుల పుట్టిన, ఆ చప్పుడుల పన్న. ఈ అడాజన్ల ఏముంది? సన్నాటా! చీమ నడిచినా ఇనిపిస్తది. డాక్టర్‌కి చూపిస్తే గోలీలు రాసిండు, ఏం ఫాయిదా లేకపాయె. నీ పాటల మెషిన్ షురూ అయిందంటే, అరే, మా డిండోలిల మంచం మీద పన్నట్టే ఉంటది!"

"మరి మంగళవారం కరెంటు పోయిందా అన్నారు?" అన్నాను పీలగా.

"సాంచాలు ఆగితే ఇంటిల్లిపాది లేస్తుంటిమి గద అన్నా. కరెంటు పోయిందనే లెక్క."

నా మహావిమర్శకుడు అలా లోచో ఆవిరిలో కలిసిపోయాడు. గుంటూరాయన మాత్రం వెలిగిపోయాడు.

"ఇంకేం! ఒక్క పాట కూడా వినలేదన్నమాట. నిద్రపోయినవాడి ఓటు చెల్లదు. అంతే."

"ఇప్పుడు మెలకువగనే ఉన్న గద సార్," అన్నాడు కొత్తాయన, వేలికంటిన చట్నీ నాకుతూ. "ఇప్పుడే ఏస్తున్న ఓటు. పాటలు ఉండాలె. ఎంత లంబా ఉంటే అంత మంచిది."

గుంటూరాయన రూలుకి కట్టుబడే మనిషి. రూలు ఎదురు తిరిగినా తల వంచుతాడు. "సరే, రికార్డు చేసుకోండి. నా నిరసన కూడా," అని మూడో దొప్ప చెప్పాడు.

గెలిచాను. కానీ కొత్తాయన చేతులు కడుక్కుని వచ్చి ఒక మాటన్నాడు. "ఒక్కటే శర్తు అన్నా. మధ్యల మధ్యల ఆ పిల్లనగ్రోవి గిట్ల రావద్దు. జర నిద్ర పట్టంగనే లేపుతున్నది."

అలా నా రాజ్యం నాకు దక్కింది, కానీ అందులో మెత్తటి పేటలన్నీ పోయాయి. తిమింగలం మొత్తం పోయింది. ఇటలీ వాళ్ళు సగం పోయారు. చంద్రుడి మీద ముసలాయన పాడుకునే చోట నా వేలు బటన్ మీదకి వెళ్ళి, మాట మధ్యలోనే ఆయన నోరు నొక్కేసేది. డ్రమ్ముల నుంచి డ్రమ్ములకి దూకుతూ హజీరా చేరేవాళ్ళం. అన్నం, పప్పు తీసేసి వట్టి ఆవకాయ తింటున్నట్టుండేది. అయినా వెనక సీట్లో ఆ మనిషి మొహం పొద్దున్నపొద్దున్నే తేటపడటం చూస్తే ఏమీ అనబుద్ధి కాలేదు.

వానాకాలంలో ఒక రోజు, హజీరా దారిలో ఇచ్ఛాపోర్ దగ్గర లారీలు ఆగిపోయాయి. ముందు లారీ, వెనక లారీ, పక్కన లారీ, పైన ఆకాశానికి పడిన చిల్లి. ఇంజిన్ ఆపేశాను. వెనకాయన అప్పటికే నిద్రలో ఉన్నాడు. అద్దం మీద ఆవిరి తుడుస్తూ, ఆవకాయ అయిపోయిన సంగతి గమనించలేదు. దాని వెనకే తిమింగలం మొదలైంది. బటన్ కోసం వేలు వెళ్ళింది. వేలు పక్కనే నా ప్రాణం కూడా ఉంది. ఒక్క నిమిషం విందామనుకున్నాను.

పిల్లనగ్రోవి వచ్చింది. అద్దంలో అతను కళ్ళు తెరిచాడు. ఇక లేచి తిడతాడని నేను బటన్ మీద చెయ్యి వేశాను.

"ఉండన్నా," అన్నాడు. "ఉండనియ్యి."

వాన, పిల్లనగ్రోవి. అతను ముందుకు వంగి నా సీటు వెనక గడ్డం ఆనించాడు.

"సాంచాలు ఆపి మా నాయిన చాయ్ తాగేటోడు. గప్పుడు గింత సేపు ఈల ఏస్తుండె. పొద్దంత చప్పుడే, ఆ ఈల ఒక్కటి మాత్రం ఇనిపిస్తుండె. కరెంటు పోతే లేచేటోళ్ళం గని, చాయ్ అప్పుడు లేస్తే మంచిగనిపించేది." అద్దంలో నన్ను చూస్తూ అడిగాడు, "గీ పాట మొదటి రోజు పెట్టినవ్ గద? గింత మంచిగ ఉండెనా?"

"అప్పుడూ ఇంతేనండీ. మీకే నిద్ర లేదు."

నిద్ర తీరినవాడికి తప్ప మెత్తటి పాట ఎక్కదన్న సంగతి నా పాఠ్యప్రణాళికలో లేదు. మీలో ఎవరైనా కొత్తగా మొదలుపెట్టేటట్టయితే నా సలహా ఇదే: ముందు హాయిగా ఒక వారం పడుకోండి, తర్వాత తిమింగలం.

పాట ముగిసింది. లారీలు అంగుళం కదల్లేదు.

"మల్ల మొదటికెల్లి పెట్టన్నా."

నేను భయంగా పక్క సీటు వైపు చూశాను. గుంటూరాయన తల బెల్టు మీదకి వాలి ఉంది. కళ్ళు మూసుకుని, తల ముందుకీ పక్కకీ ఆడిస్తూ, నోరు కొంచెం తెరిచి, గొప్ప తన్మయత్వంలో ఉన్నాడు.

"ఆయన్ని అడగొద్దా?" అన్నాను.

"నిద్రపోయినోని ఓటు చెల్లదంట గద," అన్నాడు వెనకాయన. "ఏకగ్రీవం అన్నా. పెట్టు."