రైట్ అవుట్ నోవహు

మా వర్క్‌షాపులో, మా ఫుట్‌బాల్ జట్టులో ఆడే నోవహు గురించి ఎవరినడిగినా ఒకటే మాట చెప్పేవాళ్లు. "ఎక్కడ నిలబెట్టినా ఆడతడు." ఆ మాట వింటే నాకు ఒళ్లు మండేది. వాళ్ల మటుకు వాళ్లు పొగుడుతున్నామనే అనుకునేవాళ్లు. ఏ పని చెప్పినా కాదనని కోడల్ని కూడా ఇలాగే పొగుడుతారు. ఆమెకు ఏం తినాలనుందో మాత్రం ఒక్కరూ అడగరు.

నేను హాజరు లెక్కలు చూసే టైమాఫీసులో గుమాస్తాగా చేసినవాణ్ని, పేరు వెంకటేశ్వర్లు. నాకు ఫుట్‌బాల్ ఆడటం రాదు. చూడటం వచ్చు, ఆడేవాళ్లను తిట్టటం ఇంకా బాగా వచ్చు. లీగు మ్యాచులకు జట్టుకొక జెండా పట్టే లైన్స్‌మన్‌ని ఇవ్వాలంటే, ఎలాగూ అంచున నిలబడి అరుస్తున్నాడు కదా అని ఆ జెండా నా చేతికి అంటగట్టారు. గీత వెంట పరిగెత్తటం నా పని. జట్టులో అదే గీత వెంట పరిగెత్తేవాడు నోవహు. అందుకే వాడి ఆట నాకు తెలిసినంతగా సికింద్రాబాదులో ఇంకెవరికీ తెలియదని ఈనాటికీ అంటాను. ఎవరైనా కాదంటే వాదనకు సిద్ధం.

వాడిది రైట్ అవుట్. ఇప్పటివాళ్లు వింగర్ అంటున్నారు. కుడి అంచున కాచుకుని ఉండాలి. బంతి అందగానే గీత పట్టుకుని చివరిదాకా ఉరికి, గోలు ముందరికి ఎత్తి కొట్టాలి. నోవహు సన్నగా, రివటలా ఉండేవాడు. వాడు ఉరికితే గోలుకు కాపలా ఉండే ఎదుటి బ్యాకులు ముందు నవ్వేవాళ్లు, కాసేపటికి ఆయాసపడేవాళ్లు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి ఇంకా పదేళ్లు కాని రోజులు. ఆట మధ్యలో మనిషిని మార్చే వీల్లేదు. దిగిన పదకొండు మందే చివరిదాకా ఆడాలి. ఎవడికైనా దెబ్బ తగిలి, మోసుకుపోవలసినంత కాకపోతే, వాణ్ని తెచ్చి వింగు మీద, అంటే అంచున, నిలబెట్టేవాళ్లు. కుంటివాడు అక్కడుంటే జట్టుకు నష్టం తక్కువ, ఎదుటివాళ్లు మాత్రం వాడిమీద ఒక కన్నేసి ఉంచక తప్పదు. వింగు మీద ఉన్నవాడు లోపలికి వచ్చి ఆ దెబ్బ తిన్నవాడి జాగా చూసుకోవాలి. ఇది అన్ని జట్లలోనూ ఉన్నదే. మా జట్టులో మాత్రం ఖాళీ చేయవలసి వచ్చేది ఎప్పుడూ కుడి వింగే. ఎడమ వింగు వాడికి ఎడమకాలు తప్ప మరేమీ లేదని, వాణ్ని కదిలిస్తే రెండు జాగాలూ పాడవుతాయని మా కోచ్ బాబూరావు సిద్ధాంతం. ఎవడైనా కిందపడి లేవగానే ఆయన నెత్తిమీది టోపీ తీసి నోవహు వైపు ఊపేవాడు. వాడు "సరే సార్" అని వెళ్లిపోయేవాడు.

అలా వాడు మధ్య వరసలో హాఫ్ ఆడాడు, వెనక వరసలో రెండు వైపులా బ్యాక్ ఆడాడు, సెంటర్ ఫార్వర్డ్ ఆడాడు. గోలు కాసే గోలీ వేలు విరిగిన రోజున గోల్లో కూడా నిలబడ్డాడు. చూసినవాణ్ని గనుక ఉన్నమాట చెబుతాను. గోలీగా నవ్వొచ్చేలా ఉండేవాడు. సెంటర్ ఫార్వర్డ్‌గా పనికిరాడు, తలతో కొట్టాలంటే కళ్లు మూసుకునేవాడు. హాఫ్‌గా ఫరవాలేదు. బ్యాకుగా మాత్రం అద్భుతం. దానికి కారణం, ఎదుటి వింగర్ ఏం చేయబోతాడో వాడికి ముందే తెలియటం. తనైతే అదే చేసేవాడు. అంటే బ్యాకు జాగాలో నిలబడి కూడా వాడు రైట్ అవుట్ ఆటే ఆడాడన్నమాట. ఈ ముక్క బాబూరావుకు చెబితే, "నీకెందుకయ్యా, జెండా ఊపుకో" అన్నాడు.

నోవహు ఎందుకు నోరు మెదపడో నాకు అర్థమయ్యేది కాదు. వాళ్ల నాన్న యేసుదాసు మాస్టారు గుంటూరు వైపు నుంచి వచ్చి నేరేడ్‌మెట్‌లో స్థిరపడ్డారు. నాకిది కావాలి అని పెద్దవాళ్ల ముందు అనటం ఆ ఇంట్లో మర్యాద కాదు. చర్చి పాటల బృందంలోనూ వాడిది ఇదే తంతు. ఏ గొంతు తక్కువైతే ఆ వరసలో నిలబడేవాడు. బైబిల్లో జలప్రళయానికి ఓడ కట్టిన నోవహు పేరు పెట్టుకున్నందుకు తగ్గట్టు, ఓడలో అందరికీ చోటిచ్చి తను బయట నిలబడేలా ఉన్నాడని సంఘంలోవాళ్లు వేళాకోళం చేసేవాళ్లు.

ఒకసారి ఇరానీ హోటల్లో చాయ్ తాగుతూ అడిగేశాను. "నీకు బాధగా ఉండదా?"

"ఉంటదన్నా," అన్నాడు. అంత సూటిగా చెబుతాడనుకోలేదు. "బంతి కొట్టినంక గోలు ముందు పడేదాక గాల్లో ఉంటది చూడు, ఆ జెరసేపు నాకు ఇంకేం యాదికుండది. స్టేట్‌కు ఒక్కపారి రైట్ అవుట్ ఆడాలె. అంతకన్నా ఏం వద్దు నాకు."

ఆ కోరిక నాతో తప్ప ఇంకెవరితోనూ అనలేదు.

ఆ ఏడే వాడి పెళ్లి మాటలు మొదలయ్యాయి. అమ్మాయి మేబెల్, బడిలో టీచరు. పెళ్లిచూపులకు ముందే అబ్బాయిని చాటుగా చూసి రావాలని మేబెల్ మేనత్త ప్రేమమణిగారికి ఆలోచన వచ్చింది. "కుడి చివర నిలబడేవాడే మా నోవహు" అని సంబంధం చెప్పిన పెద్దమనిషి గుర్తు చెప్పాడు. ఇద్దరూ గొడుగేసుకుని గ్రౌండుకొచ్చారు. వాళ్లు వచ్చేసరికే మా లెఫ్ట్ బ్యాక్, పర్వతాలు అనేవాడి కాలు మడతపడింది, టోపీ ఊగింది, మనుషులు మారిపోయారు. కుడి చివర నిలబడి ఉన్నది పర్వతాలు. బుర్ర మీసాలు, ముగ్గురు పిల్లల తండ్రి, పైగా కుంటుతున్నాడు.

ఆదివారం ఆరాధన కాగానే ప్రేమమణిగారు నోవహు తల్లి రోసమ్మగారిని పక్కకు పిలిచి, "కాలు అవిటి అని ముందే చెప్పాల్సింది వదినగారూ, వయసు సంగతి కూడా" అన్నారట. సంబంధం అక్కడే తెగిపోయేది. మేబెలే అడ్డం వచ్చింది.

"ఆయన కాదత్తా. వెనకాల ఒకాయన ఆడుతూ ఆడుతూ మాటిమాటికీ ఆ కుడి చివరికే చూశాడు. అబ్బాయి ఆయనై ఉంటాడు."

ఆ మాట నాకు చాలా కాలం తర్వాత తెలిసింది. తెలిసిన రోజున, మేబెల్ కన్నా నాకే ఎక్కువ తెలుసన్న గర్వం కాస్త తగ్గింది. పెళ్లయ్యాక ఆమె ప్రతి మ్యాచుకూ వచ్చేది. మోండా మార్కెట్ సంచీతో, గొడుగుతో కుడి మూలన నిలబడేది. టోపీ ఊగితే గ్రౌండు చుట్టూ నడిచి మొగుడున్న వైపుకు వెళ్లేది.

మరుసటి ఏడు రాష్ట్ర జట్టుకు ఆటగాళ్లను ఎంచే సదాశివగారు మా మ్యాచుకు వచ్చారు. ఆయనకు కావలసింది రైట్ అవుట్. సంగతి అందరికీ తెలుసు. నోవహు ఆ పొద్దున అన్నం కూడా సరిగా తినలేదని మేబెల్ చెప్పింది. మొదటి సగంలో వాడు నా ముందే ఆడాడు. అలాంటి ఆట నేను మళ్లీ చూడలేదు. ఎదుటి బ్యాకును కుడికి తిప్పి, ఎడమకు తిప్పి, ఆఖరికి వాడు నడుం మీద చేతులేసుకుని నిలబడిపోయేలా చేశాడు. మా రెండు గోల్సూ వాడు ఎత్తి కొట్టిన బంతులతోనే వచ్చాయి. సదాశివగారు సోడా తాగుతూ వాడి పేరు కనుక్కున్నారు.

రెండో సగం మొదలైన కాసేపటికి పర్వతాలు చీలమండ పట్టుకుని కూలబడ్డాడు. బాబూరావు చెయ్యి టోపీ దాకా వెళ్లి ఆగింది. ఎంతైనా ఆయనా మనిషే. పర్వతాలు కూడా, "నేనెట్లనో లాగిస్త, నువ్వు రాకు తమ్మీ" అని అరిచాడు. కానీ అదే సందులోంచి ఎదుటివాళ్లు బంతి తీసుకుని ఉరికారు. పర్వతాలు లేచి ఒక అడుగు వేసి పడిపోయాడు. నోవహు గ్రౌండంతా అడ్డంగా ఉరికి వచ్చి ఆ బంతిని ఆపాడు. ఆపాక ఇక వెనక్కి వెళ్లలేదు. టోపీ ఊగకుండానే తన జాగా వదిలేశాడు. నాకు ఏడుపొచ్చింది. చేతిలో జెండా ఉంది గనుక ఊరుకున్నాను.

గెలిచాం. సదాశివగారు వచ్చి నోవహు భుజం తట్టారు. "అచ్చా బ్యాక్‌వి. రిజర్వులో తీసుకుంట, ఎవడన్న రాకపోతే ఆడొచ్చు. ఎక్కడైనా ఆడతవంట గద?"

"నేను రైట్ అవుట్ సార్," అన్నాడు నోవహు. వాడి నోట ఆ మాట వినటం బాబూరావుకు అదే మొదలు.

"ఫస్ట్ హాఫ్ చూసిన బాబూ. మస్తుగున్నవ్. కానీ అవసరం పడితే నువ్వే జాగా ఇడిసి పోతవ్. అంచున నాకు పూరా మ్యాచ్ నిలబడేటోడు కావాలె."

"అట్లయితే రిజర్వుకు రాను సార్."

వినయంగానే అన్నాడు. బాబూరావు, "దిమాక్ గిట్ల ఖరాబైందా?" అని నెత్తి కొట్టుకున్నాడు. సదాశివగారు నవ్వి జీపెక్కారు, మళ్లీ రాలేదు. ఆయన అన్నదాంట్లో తప్పేముందని ఇప్పటికీ ఆలోచిస్తుంటాను. తప్పు దొరకదు, కోపమూ తగ్గదు.

పర్వతాలు చీలమండ ఇక బాగవలేదు. బాబూరావు నోవహును నేరుగా లెఫ్ట్ బ్యాకులోనే పెట్టేశాడు. కుడి వింగుకు ధర్మరాజు అనే కొత్త కుర్రాణ్ని తెచ్చాడు. దాంతో నోవహుకు మొదటి సగమైనా కుడి వింగు మీద ఆడే వీలు లేకుండా పోయింది. బ్యాకుగా లీగంతా మెచ్చుకుంది. మేబెల్ ఇక ఎడమ వైపే నిలబడటం అలవాటు చేసుకుంది.

ఆ సీజను చివర్లో ఒక మ్యాచు, మొదటి సగం. నోవహు ఎడమ మోకాలు తిరిగిపోయింది. పడ్డప్పుడు వచ్చిన చప్పుడు అవతలి గీత మీదున్న నాకు కూడా వినబడింది. అది వాడి ఆఖరి మ్యాచని మాకెవరికీ తెలియదు. లేచి నిలబడ్డాడు. బాబూరావు అలవాటు కొద్దీ టోపీ తీసి ఊపాడు, ఈసారి ధర్మరాజు వైపు. ధర్మరాజు బ్యాకులోకి ఉరికాడు. నోవహు గ్రౌండు అడ్డంగా కుంటుకుంటూ దాటి, నా ముందుకొచ్చి, కుడి గీత పక్కన నిలబడ్డాడు. మేబెల్ గొడుగు ముడిచి ఆ చివర నుంచి గబగబా చుట్టి వచ్చింది.

కుంటివాడే కదా అని ఎదుటి బ్యాకు దూరంగా నిలబడ్డాడు. బంతి దొర్లుకుంటూ నోవహు దగ్గరికే వచ్చింది. ఉరకటానికి కాలు లేదు. నిలబడ్డచోటి నుంచే కుడికాలితో ఎత్తి కొట్టాడు. ఒంటి బరువంతా ఆ ఎడమ మోకాలి మీద పడింది. బంతి గాల్లో ఉన్నంతసేపూ వాడి మొహమే చూశాను. నొప్పి జాడే లేదు. మా సెంటర్ ఫార్వర్డ్ తల పెట్టాడు, గోలైంది. జెండా పట్టుకున్నవాడు చప్పట్లు కొట్టకూడదని తెలిసే జెండా కింద పడేసి కొట్టాను.

బాబూరావు గీత దాకా ఉరికొచ్చాడు. మోకాలు అప్పటికే కుండలా ఉబ్బింది.

"చాలు నోవా, బయటికి రా. తక్లీఫ్ ఎక్కువైతది."

నోవహు గీత మీది నుంచి కదల్లేదు. "దెబ్బ తగిలినోడి జాగా ఇదే గద సార్," అన్నాడు. "నాకు తగిలింది. ఇయ్యాళ నన్ను ఈడికెల్లి ఎవరు తీస్తరు?"

బాబూరావు చేతిలో టోపీ నెత్తిన పెట్టుకుని, మేబెల్ పక్కన వెళ్లి నిలబడ్డాడు. ఆట అయిపోయేదాకా దాన్ని మళ్లీ తీయలేదు.